మా రూంలో నాన్ బోర్డర్ అక్క ఉంటోంది, ఏం చేయమంటారు?

గునుగుపువ్వు
6 నవంబరు 2024, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫస్టియర్ అమ్మాయిని. యూనివర్సిటీ పేరు రాయలేను, తెలంగాణలోనే. సెప్టెంబరు ఆఖర్లో లేడీస్ హాస్టల్‌లో చేరాను.

మా రూం ముగ్గురికి అలాట్ చేశారు. ఉంటున్నది నలుగురం. నాలుగో మనిషి ఇదే రూంలో ఉండి 2022లో పీజీ ముగించిన అక్క. అప్పటినుంచి గ్రూప్స్‌కి చదువుతోంది. ఇలా సీటు లేకుండా హాస్టల్‌లో ఉండేవాళ్లనే నాన్ బోర్డర్లు అంటారు. రెండు మంచాలు దగ్గరికి జరుపుకుని ముగ్గురం పడుకుంటాం. చేరిన మొదటి వారం నేను రోజూ ఏడుస్తుంటే అర్ధరాత్రి దాకా నా పక్కన కూర్చున్నది ఈ అక్కే. దసరా సెలవులకు ముందు హాస్టల్ ముందర బతుకమ్మ ఆడినప్పుడు పాట ఎత్తుకున్నదీ, గునుగు పువ్వుకి రంగు ఎలా అద్దాలో మాకు నేర్పిందీ ఆమే.

మెస్ రిజిస్టర్‌లో ఆమె పేరు లేదు. రాత్రిపూట నేను పళ్లెం పైకి తెచ్చుకుంటాను. అన్నం, పప్పు, సాంబారు అన్‌లిమిటెడ్ కాబట్టి ఇద్దరికి సరిపడా పెట్టించుకుంటా. మెస్ అమ్మ నా మొహం వైపు చూడకుండానే రెండో గరిటె వేస్తుంది. ఆమెకు తెలుసు. కూర, గుడ్డు, ఆదివారం చికెన్ లిమిటెడ్. గుడ్డును దారంతో కోసి చెరో సగం తింటాం.

ఇప్పుడు సమస్య ఏంటంటే, మాది డివైడింగ్ సిస్టమ్, అంటే నెల మెస్ ఖర్చుని బోర్డర్లందరూ పంచుకుని కట్టాలి. నిన్న నోటీసు బోర్డు మీద అక్టోబరు బిల్లు పెట్టారు. మొత్తం ఖర్చు 3,96,000. బోర్డర్లు 210 మంది, సెలవులు తీసేస్తే అందరూ తిన్న రోజులు కలిపి 5,500. రోజుకి 72 రూపాయలు. దాని కిందే ఇంకో నోటీసు: నాన్ బోర్డర్లు దొరికితే ఆ రూం వాళ్లందరి అలాట్‌మెంట్ రద్దు, వచ్చే వారం చెకింగ్. హాస్టల్ మొత్తంలో పాతిక మంది దాకా ఉంటారని అంటున్నారు.

అక్క “నేను వెళ్లిపోతాలే, మీకెందుకు ఇబ్బంది” అంటోంది. ఈ నెల 17, 18 తేదీల్లో గ్రూప్-3, డిసెంబరు 15, 16న గ్రూప్-2. నలభై రోజులు. మా రూమ్మేట్ దాచేద్దాం అంటోంది. నాకు నిద్ర పట్టట్లేదు. ఏది సరైనదో చెప్పండి.

సీ బ్లాక్ 14
7 నవంబరు, ఉదయం 7:05

చెల్లీ, నీ మనసు మంచిదే. కానీ అవతలి వైపు కూడా విను. నేనూ డివైడింగ్ హాస్టల్‌లోనే ఉంటున్నా. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. మెస్ బిల్లు బాకీ ఉంటే నో డ్యూస్ ఇవ్వరు, అది లేకపోతే సర్టిఫికెట్లు రావు. స్కాలర్‌షిప్ డబ్బులు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. నెలాఖరుకి బోర్డు మీద అంకె చూసి ఇంటికి ఫోన్ చేయాలంటే నాకు గుండె దడ.

మీరు చెరిసగం తినే గుడ్డు మీదే. ఆ రెండో గరిటె పప్పు మాత్రం నాది, నాలాంటి వాళ్లందరిదీ. మీ అక్క మీద నాకు కోపం లేదు, ఆమె అన్నానికి డబ్బు ఎవరు కడుతున్నారో ఆమెకి చెప్పారా అని అడుగుతున్నా.

మెస్ లెక్కలు
7 నవంబరు, ఉదయం 9:30

నేను పీజీలో రెండు టర్మ్‌లు మెస్ సెక్రటరీగా చేశాను. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నా. హాస్టల్‌లో ఉన్నవాళ్లలో కూడా సగం మందికి ఈ లెక్క తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నా.

నెల మొదట్లో స్టోర్‌లో ఉన్న సరుకు, ఆ నెలలో కొన్నది కలపాలి. నెలాఖరున మిగిలిన సరుకు తీసేయాలి. గ్యాసు, పాలు, కూరగాయలు, కోడిగుడ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. అది నెల ఖర్చు. దాన్ని అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజు రేటు. నువ్వెన్ని రోజులు ఉంటే అన్ని రోజులకు కడతావు. లాభం తీసుకునేవాడు మధ్యలో ఎవడూ లేడు. కాంట్రాక్టు మెస్ కంటే ఇది చవక కావడానికి కారణం అదే. అయితే దీనికి కాంట్రాక్టరు కాపలా కూడా ఉండదు. ఎవరు ఎక్కువ తిన్నా, ఎవరు సరుకు పక్కదారి పట్టించినా ఆ బరువు నేరుగా పక్కవాడి పళ్లెం మీదే పడుతుంది.

మీ అంకెలే తీసుకుందాం. 3,96,000ని 5,500తో భాగిస్తే 72. పాతిక మంది రిజిస్టర్‌లో లేకుండా నెలంతా తిన్నారనుకో, 750 రోజులు. వాళ్లూ లెక్కలో ఉంటే 6,250 రోజులయ్యేవి, రేటు 63 రూపాయల 36 పైసలు పడేది. అంటే రోజుకి 8 రూపాయల 64 పైసలు తేడా. 26 రోజులు తిన్న అమ్మాయికి 225 రూపాయలు. నెలకి 225 అంటే కొందరికి ఏమీ కాదు. సీ బ్లాక్ 14 చెప్పిన ఇంట్లో మాత్రం అది చాలా పెద్ద మొత్తం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రేటు పెరిగిన ప్రతిసారీ నేరం నాన్ బోర్డర్ల మీదకే తోస్తారు. మా రోజుల్లో ఒక నెల రేటు పెరిగితే అందరూ అదే అన్నారు. స్టోర్‌లోకి వెళ్లి బస్తాలు తూకం వేయిస్తే, 50 కిలోలని రాసుకున్న కందిపప్పు బస్తాలు 46, 47 తూగాయి. మీ హాస్టల్‌లో తూకం ఎవరు చూస్తున్నారు? స్టాక్ రిజిస్టర్ మీద విద్యార్థుల సంతకం ఉంటోందా? ముందు అది అడగండి.

మెట్టుగూడ
7 నవంబరు, మధ్యాహ్నం 1:15

చెల్లె, నేను నాలుగేండ్లు నాన్ బోర్డర్‌గ ఉన్న. బాయ్స్ హాస్టల్. జూనియర్ తమ్ముళ్లే నన్ను సాదిన్రు. మీ అక్క ఎందుకు పోతలేదో అందరికి అర్థం గావాలె.

గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16 నాడు రాసినం. పేపర్ లీకైందని 2023 మార్చిల రద్దు. మల్ల జూన్ 11 నాడు రాసినం. హైకోర్టు రద్దు జేసింది. మల్ల కొత్త నోటిఫికేషన్, ఈ ఏడు జూన్ 9 నాడు మూడోసారి రాసినం. గ్రూప్-2 సంగతి ఇంకా ఘోరం. 2023 ఆగస్టు 29, 30 అన్నరు. నవంబర్ 2, 3 అన్నరు. 2024 జనవరి 6, 7 అన్నరు. ఆగస్టు 7, 8 అన్నరు. ఇప్పుడు డిసెంబర్ 15, 16. ఒక్క పరీక్షకు ఐదు తేదీలు. తేదీ ఇచ్చిన ప్రతిసారి “ఇంకో మూడు నెలలే గద” అని ఉంటం. ఇంటికి పోతే ఊరంత “ఏం జేస్తున్నవ్ బిడ్డా” అని అడుగుతది. హైదరాబాద్‌ల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌ల ఉందామంటే రూముకు, మెస్సుకు, స్టడీ హాల్‌కు మా నాయిన పంపే మూడు వేలు ఏ మూలకు?

కని ఒక్కటి మనసుల మాట చెప్త. ఆ నాలుగేండ్లు నేను కడుపు నిండ తిన్న రోజు లేదు. అన్నం లేక గాదు. ఎవరన్న చూస్తరేమోనని మెస్‌ల చివరి బల్ల కాడ, లైటు రాని మూలకు కూసొని గబగబ మింగుడు. పైసలు కట్టి తినే తొవ్వ ఒకటి ఉంటే నేను కూలికి పోయన్న కట్టేటోన్ని. ఆ తొవ్వ ఎవలూ పెట్టలే.

తులసికోట
7 నవంబరు, మధ్యాహ్నం 3:00

ఒక్క ప్రశ్న. ఆ అక్క మీ చేత బట్టలు ఉతికించడం, పనులు చేయించడం, మంచం లాక్కోవడం లాంటివి ఉన్నాయా? ఉంటే అది ర్యాగింగ్ కిందకి వస్తుంది. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రైనా పగలైనా ఎత్తుతారు.

గునుగుపువ్వు
7 నవంబరు, సాయంత్రం 6:20

అయ్యో, అలాంటిదేమీ లేదండీ. పొద్దున్నే లేచి నీళ్లు పట్టి పెట్టేది ఆమే.

సీ బ్లాక్ అక్కా, మీ మాట చదివాక నాకు అన్నం సహించలేదు. మెట్టుగూడ అన్న రాసింది అక్కకి చదివి వినిపించాను. ఆమె ఏమీ మాట్లాడలేదు, లేచి వరండాలోకి వెళ్లింది.

పాత వార్డెన్
7 నవంబరు, రాత్రి 9:10

అమ్మా, నేను ఒక మహిళా హాస్టల్‌కి ఆరేళ్లు వార్డెన్‌గా పనిచేసి రిటైరయ్యాను. వార్డెన్ అంటే మీ పిల్లలందరికీ ఒక తాళం గుర్తొస్తుందని తెలుసు. ఆ తాళం వెనుక ఏముందో చెబుతాను.

ఒక రాత్రి రెండు గంటలకు ఒక గదిలో అమ్మాయికి కడుపునొప్పి వచ్చింది. ఆమె నాన్ బోర్డర్. గదిలో పిల్లలు భయపడ్డారు. కేర్‌టేకర్‌ని పిలిస్తే తమ సీటు పోతుంది. వాము నమిలించారు, వేడినీళ్లు కాపడం పెట్టారు, తెల్లవారేదాకా చూద్దామనుకున్నారు. నాలుగున్నరకి ఆ అమ్మాయి స్పృహ తప్పాక నా తలుపు కొట్టారు. అపెండిక్స్ పగిలింది. ఆస్పత్రిలో ఫారం మీద తండ్రి ఫోన్ నంబరు రాయమంటే ఎవరి దగ్గరా లేదు. నా రిజిస్టర్‌లో ఆమె లేనే లేదు. ఆపరేషన్ చేశాక బతికింది. రెండున్నర గంటలు ఆమె నొప్పి భరించింది మా నోటీసు వల్ల. ఆ సంగతి ఈనాటికీ నాకు మింగుడుపడదు.

అందుకే రెండు మాటలు. హాస్టల్‌లో ఎవరు పడుకున్నారో రాసి ఉండాలి, అందులో రాజీ లేదు. రద్దు చేస్తాం, బయటికి గెంటేస్తాం అని బెదిరిస్తే మాత్రం ఎవరూ పేరు రాయించుకోరు, ఇంకా లోపలికి దాక్కుంటారు. నేను ఆ మరుసటి నెల గెస్టు రిజిస్టర్ పెట్టాను. ఆధార్ నకలు, ఇంటి ఫోన్ నంబరు, గదిలో అందరి సంతకం, రోజు రేటు మీద కొంత ఎక్కువ. నా చేతిలో ఉన్న అధికారం పదిహేను రోజుల వరకే. అంతకు మించి కావాలంటే చీఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాలి. మీ వార్డెన్‌తో ఒంటరిగా మాట్లాడకండి. జనరల్ బాడీ (జీబీ), అంటే హాస్టల్ పిల్లలందరి సమావేశం, పెట్టి తీర్మానం రాసి, సంతకాలతో తీసుకెళ్లండి. ఒక అమ్మాయి వచ్చి అడిగితే నేను రూల్ చెప్పేదాన్ని. నూట యాభై సంతకాలు వస్తే చీఫ్ వార్డెన్‌కి ఫైలు పెట్టేదాన్ని. ఫైలు కదలాలంటే కాగితం కావాలి తల్లీ.

వరికంకి
8 నవంబరు, ఉదయం 8:00

మేడం, మీ మాట గౌరవిస్తూనే అడుగుతున్నా. జనరల్ బాడీ పెడితే గేటు వేళ కూడా పెట్టాలి కదా. గునుగుపువ్వూ, మీ గేటు ఎన్నింటికి మూస్తారు? అబ్బాయిల హాస్టల్‌కి?

గునుగుపువ్వు
8 నవంబరు, ఉదయం 8:25

మాకు 8. అబ్బాయిలకి గేటే వేయరు. లైబ్రరీ రీడింగ్ రూం 10 దాకా ఉంటుంది, మేం ఏడున్నరకే పుస్తకాలు సర్దుకుని లేచి వచ్చేస్తాం.

వరికంకి
8 నవంబరు, ఉదయం 8:50

యూజీసీ 2015లో చేసిన లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లోనే ఉంది: భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని. 2022లో కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నర గేటు మీద కేరళ హైకోర్టుకి వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే అక్కడి ప్రభుత్వం వైద్య కళాశాలల హాస్టళ్లలో ఇద్దరికీ ఒకే వేళ పెడుతూ ఉత్తర్వు ఇచ్చింది. ఈ రెండూ మీ తీర్మానంలో రాయండి.

రైన్ ఒడ్డున
8 నవంబరు, మధ్యాహ్నం 2:40

నేను వరంగల్ అమ్మాయిని, జర్మనీలో మాస్టర్స్ చేస్తూ స్టూడెంట్ హాస్టల్‌లో ఉంటున్నా. ఇక్కడ గేటు వేళలు లేవు, రూళ్లు లేవని మాత్రం కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు. వంటగది వంతులవారీగా కడగాలి, చీటీ గోడ మీద ఉంటుంది. సెలవుల్లో నా గది ఇంకొకరికి ఇవ్వాలంటే హౌస్ ఆఫీసుకి ముందే కాగితం ఇవ్వాలి. ఇస్తే ఒప్పుకుంటారు. చెప్పకుండా ఇస్తే ఊరుకోరు. మేడం చెప్పిన గెస్టు రిజిస్టర్ లాంటిదే.

సీ బ్లాక్ 14
8 నవంబరు, రాత్రి 10:15

రిజిస్టర్ పెట్టి డబ్బు కడితే నాకు మెస్ విషయంలో అభ్యంతరం లేదు. కానీ బాత్రూంలు? మా ఫ్లోర్‌లో అరవై మందికి నాలుగు. పొద్దున ఆరింటికి బకెట్లు వరుసలో పెట్టుకుని నిలబడతాం. ఆ కష్టానికి ఏ రేటూ లేదు. ఇది కూడా జీబీలో మాట్లాడాలి. గెస్టులు పరీక్ష అయ్యేవరకే ఉండాలి, తేదీ రాసి ఉండాలి.

గునుగుపువ్వు
16 నవంబరు, రాత్రి 11:05

ఆలస్యానికి క్షమించండి. జరిగింది రాస్తాను.

10న ఆదివారం మెస్ హాల్లోనే జీబీ పెట్టాం. నేను లేచి మాట్లాడగలనని అనుకోలేదు. మెస్ లెక్కలు సార్ రాసిన లెక్క మొత్తం చాక్‌పీసుతో మెనూ బోర్డు మీద వేశాను. 63 రూపాయల 36 పైసలు అని రాసేసరికి హాలు మొత్తం నిశ్శబ్దం. వెనుక నుంచి ఎవరో “అయితే వాళ్లని ఇప్పుడే పంపేయండి” అన్నారు. ఇంకెవరో “పంపితే ఎక్కడికి పోతారు” అన్నారు. గొడవ పెద్దదైంది.

అప్పుడు అక్క లేచింది. ఆమె వస్తుందని నాకూ తెలియదు. బల్ల దగ్గరికి వచ్చి “నేను నాన్ బోర్డర్‌ని. సెప్టెంబరు, అక్టోబరు కలిపి 45 రోజులు ఇక్కడ తిన్నా” అని చెప్పి, 72 చొప్పున 3,240 రూపాయలు రుమాలు విప్పి మెస్ సెక్రటరీ ముందు పెట్టింది. చెవి కమ్మలు లేవు ఆమెకు. పొద్దున కూడా ఉన్నాయి. నేను ఏడ్చేశాను. ఆ తర్వాత ఇంకో పద్దెనిమిది మంది తమ పేర్లు చెప్పారు. ఆరుగురు చెప్పలేదు, ఆ రాత్రే వెళ్లిపోయారని విన్నాను.

163 సంతకాలతో తీర్మానం ఇచ్చాం. చీఫ్ వార్డెన్ మూడు రోజుల తర్వాత సంతకం పెట్టారు. పరీక్ష హాల్ టికెట్ చూపించిన వాళ్లకు డిసెంబరు 17 దాకా మాత్రమే. రూంకి ఒక్క గెస్టు. రోజుకి 80 రూపాయలు, ముందే కట్టాలి. 14 నుంచి అమలు. నిన్న కార్తీక పౌర్ణమికి హాస్టల్ మెట్ల మీద దీపాలు పెట్టాం. గెస్టు రిజిస్టర్‌లో పేరున్న వాళ్లందరూ మెస్‌లో మధ్య బల్ల దగ్గర కూర్చుని తిన్నారు.

గేటు మాత్రం 8 నుంచి 9 చేశారు, అంతే. అబ్బాయిల హాస్టల్ మాటెత్తితే “చూద్దాం” అన్నారు. యూజీసీ కాగితం జతచేసి మళ్లీ ఇస్తాం. బాత్రూంల గురించి ఇంజినీరింగ్ సెక్షన్‌కి రాశామన్నారు.

మెట్టుగూడ
17 నవంబరు, ఉదయం 6:10

మధ్య బల్ల కాడ కూసున్నరు అని చదివి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ చెల్లె. ఇయ్యాల గ్రూప్-3 రాస్తున్న. మీ అక్కకు మంచిగ రాయమని చెప్పు.

సీ బ్లాక్ 14
17 నవంబరు, రాత్రి 9:00

అక్కకి నా తరఫున ఒక మాట చెప్పు. కమ్మలు కుదువ పెట్టే పరిస్థితి రావాలని నేను ఆ మాట అనలేదు. నా లెక్క తప్పు కాదు, ఆమె బాధా తప్పు కాదు. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియట్లేదు.

గునుగుపువ్వు
18 డిసెంబరు, రాత్రి 10:30

నవంబరు బిల్లు వచ్చింది. ఖర్చు 4,05,000. గెస్టులు 19 మంది 17 రోజులకు కట్టింది 25,840. మిగిలింది 5,830 బోర్డర్ రోజులకు పంచితే 65 రూపాయలు. బోర్డు దగ్గర అమ్మాయిలు ఫోటోలు తీసుకున్నారు.

అక్క నిన్న వెళ్లిపోయింది. క్యాంపస్ వెనుక వీధిలో ఇద్దరితో కలిసి గది తీసుకుంది, ట్యూషన్లు చెబుతుందట. సీ బ్లాక్ అక్కా, మీ మాట చెప్పాను. “ఆమె చెప్పకపోతే నేను అలాగే ఉండిపోయేదాన్ని” అంది. మంచాలు విడదీసి పాత చోట్లలోకి జరిపాం. గుడ్డు కోసే దారం రీలు కిటికీలో ఉంది.

జనవరి టర్మ్‌కి నన్ను మెస్ సెక్రటరీగా ఎన్నుకున్నారు. మెస్ లెక్కలు సార్, చార్జి తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

మెస్ లెక్కలు
18 డిసెంబరు, రాత్రి 11:50

31 రాత్రి భోజనాలు అయ్యాక స్టోర్‌కి వెళ్లమ్మా. పాత సెక్రటరీ, కేర్‌టేకర్, వంట మాస్టర్ ముగ్గురూ ఉండాలి. విప్పని బస్తాలు కూడా కాటా మీద పెట్టించు, మీద రాసి ఉన్న అంకె నమ్మొద్దు. నూనె డబ్బాలు ఎత్తి చూడు, సగం ఖాళీవి వెనుక వరుసలో ఉంటాయి. గ్యాసు సిలిండర్లు నిండువి, ఖాళీవి విడిగా రాయి. అన్నీ రాశాక కింద గీత కొట్టి నలుగురూ సంతకం పెట్టండి, గీత కింద ఖాళీ వదలకు. ఆ పేజీ ఫోటో తీసి ఒకటో తారీకు పొద్దున్నే బోర్డు మీద అంటించు. తూకానికి మీ మెస్ అమ్మనీ రమ్మను. ఏ బస్తా ఎంత తూగుతుందో చేత్తో ఎత్తి చెప్పగలిగేది ఆమే.